కార్బరేటర్ పేరు చెప్పి తీసుకున్న డబ్బు గురించి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా మెకానిక్ షెడ్డుకు బుల్లెట్లు, యెజ్డీలు, రాజ్‌దూత్‌లు, ఆర్‌ఎక్స్ 100లు తెచ్చే మీ అందరికీ ఒక విషయం దాచకుండా చెప్పాలి. సంక్రాంతి తరువాత ఇప్పటిదాకా ‘స్లో నిలబడటం లేదు’ (అంటే యాక్సిలరేటర్ వదిలితే ఇంజను నెమ్మదిగా, నిలకడగా నడవడం లేదు) అంటూ మీరు తెచ్చిన బండ్లలో ఆరింటికి నేను కార్బరేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే భాగం) పని చేసి డబ్బు తీసుకున్నాను. వాటిలో ఒక్కదానికే రోగం పూర్తిగా కార్బరేటర్‌లో ఉంది. ఇంకొకదానికి సగం అక్కడ, సగం వేరేచోట ఉంది. మిగిలిన నాలుగింటికి కార్బరేటర్‌లో ఏ లోపమూ లేదు. ఆ నలుగురికీ కూలీ, నేను అనవసరంగా వేసిన సామాన్ల ఖరీదు తిరిగి ఇచ్చేస్తున్నాను. సగం సగం అన్న బండి పాతపట్నం మాస్టారిది. ఆయనకూ మొత్తం ఇచ్చేశాను.

ఈ లెక్కలో నా కళ్ళు తెరిపించింది ఆయన బండే కాబట్టి దాని సంగతి వివరంగా చెబుతాను.

మాస్టారిది 1980ల నాటి 350 బుల్లెట్. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నారట. ఇప్పటికీ వారానికి రెండు సార్లు సరిహద్దు దాటి ఇక్కడి బజారుకు దాని మీదే వస్తారు. మాఘమాసంలో మొదటిసారి తెచ్చి, చల్లగా ఉన్నప్పుడు బండి బాగుంటుందని, నాలుగు కిలోమీటర్లు నడిచి వేడెక్కాక రైల్వే గేటు దగ్గర ఆపితే ఇంజను దానంతట అదే రేస్ ఎక్కుతుందని చెప్పారు. స్లో స్క్రూ కాస్త తగ్గిస్తే రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఎక్కువకూ ఆగిపోవడానికీ మధ్య నిలిచే చోటే లేదు.

నేను వెంటనే కార్బరేటర్ విప్పాను. పెట్రోలుతో కడిగి, ఫ్లోట్ నీడిల్ (లోపలికి వచ్చే పెట్రోలును ఆపే సూది), ప్యాకింగులు మార్చి 350 రూపాయలు తీసుకున్నాను. పది రోజుల తరువాత మళ్ళీ వచ్చారు. పైలట్ జెట్టు (స్లోలో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం ఉన్న ముక్క) మార్చాను. మూడోసారి వస్తే, కార్బరేటర్ అరిగిపోయిందని చెప్పి 1,400 రూపాయల డూప్లికేట్ కార్బరేటర్ బిగించాను. నాలుగోసారి ఎండలో గేటు దగ్గర నుంచి బండిని తోసుకుంటూ వచ్చారు. కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, ‘మందు మీద మందు వేస్తున్నావు బాబూ, నాడి చూశావా?’ అని అడిగారు.

చూడలేదు. నాన్న ఉన్నప్పుడు ఈ షెడ్డులో ఒక వరస ఉండేది. స్లో నిలబడని బండి వస్తే ముందు పాయింట్ల (స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే భాగం) మూత తీసేవారు. తరువాత ట్యాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు), ఆపైన ప్లగ్గు, ఆ తరువాత కార్బరేటర్ బిగించిన చోట గాలి లాగుతోందేమో చూడటం. ఇవన్నీ అయ్యాకే కార్బరేటర్ విప్పేవారు. నేను ఆ వరసను తలకిందులు చేశాను. కార్బరేటర్ విప్పడానికి పావుగంట చాలు. బండి తెచ్చినవారు కూడా కార్బరేటర్ అనే మాటతోనే వస్తారు కనుక, విప్పి కడిగి ఇస్తే పని జరిగినట్టు ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది. కడిగిన రోజు బండి కొంచెం బాగా నడుస్తుంది కూడా. ఆ కొంచెమే నన్ను ఇన్నాళ్ళు మోసం చేసింది.

మాస్టారి బండిని రెండు రోజులు ఉంచుకుని నాన్న వరసలో మొదటి నుంచి చూశాను. ముందుగా ఆయన పాత కార్బరేటర్‌నే తిరిగి బిగించాను, ఎందుకంటే డూప్లికేట్ దానిలో స్లైడ్ (గాలి దారిని మూసి తెరిచే భాగం) వదులుగా ఉంది. స్లో దగ్గర ఇంజనుకు కావలసిన గాలి స్లైడ్ కింది సన్నని సందు నుంచే వెళ్ళాలి. స్లైడ్ వదులైతే పక్కల నుంచీ గాలి దూరుతుంది, ఇక ఏ స్క్రూ తిప్పినా లెక్క కుదరదు. తరువాత పాయింట్ల మూత తీశాను. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, బాగా ఎక్కువగా ఉంది. సరిచేశాను. ట్యాపెట్లు చూశాను. చల్లటి ఇంజను మీద పుష్‌రాడ్లు (వాల్వులను నెట్టే కడ్డీలు) వేళ్ళతో తేలికగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. అవి బాగున్నాయి. ప్లగ్గు తెల్లగా ఉంది. అంటే ఇంజనుకు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతోంది.

ఇంజను స్లోలో ఉండగా, కార్బరేటర్ ఇంజను తలకు (సిలిండర్ హెడ్‌కు) బిగుసుకునే చోట నూనె డబ్బాతో ఇంజన్ ఆయిల్ నాలుగు చుక్కలు వేశాను. ఎక్కువ తక్కువ అవుతున్న శబ్దం అర నిమిషం పాటు కుదుటపడింది. నూనె సందును మూసినంతసేపే ఆ నిదానం. కార్బరేటర్ ఊడదీసి దాని ముఖాన్ని మందపాటి అద్దం మీద పెడితే నట్లు బిగించే రెండు చెవులూ అద్దానికి ఆనాయి, మధ్యలో వెలుతురు కనబడింది. రెండు నట్లను అవసరానికి మించి బిగిస్తే ఆ మెత్తని లోహం చెవుల దగ్గర ముందుకు వంగిపోతుంది. మధ్యలో ఓ-రింగ్ (గుండ్రని రబ్బరు రింగు) ఉన్నా సందు పూర్తిగా మూసుకోదు. వేడెక్కేకొద్దీ ఆ సందు నుంచి దొంగగాలి లోపలికి పోతుంది. ఆ చెవులను వంచింది నా పానాయే. వచ్చిన ప్రతిసారీ, గాలి లాగకుండా ఉండాలని ఇంకో చుట్టు గట్టిగా బిగించింది నేనే.

అద్దం మీద ఎమరీ కాగితం పరిచి, ముఖం అంతటా ఒకే మెరుపు వచ్చేదాకా ఎనిమిది అంకె వేసినట్టు రుద్ది, కొత్త ఓ-రింగ్ వేసి సరిపడా మాత్రమే బిగించాను. బండి చాలావరకు బాగుపడింది, కానీ పూర్తిగా కాదు. ఎనిమిది కిలోమీటర్లు తిప్పి తెచ్చి నిలబెడితే మళ్ళీ అప్పుడప్పుడు రేస్ ఎక్కింది.

అప్పుడు పాయింట్ల ప్లేటు కూడా తీసి కింద ఉన్న అడ్వాన్స్ యూనిట్ చూశాను. దానిలో రెండు చిన్న బరువులు, రెండు సన్నని స్ప్రింగులు ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి జరిగి స్పార్కును ముందుకు తెస్తాయి, వేగం తగ్గితే స్ప్రింగులు వాటిని వెనక్కు లాగాలి. ఆ స్ప్రింగులలో ఒకటి సాగిపోయి, కొక్కెం దగ్గర సగానికి అరిగి ఉంది. స్ప్రింగు లాగలేకపోతే స్లోలోనే బరువులు బయటికి జరుగుతాయి, స్పార్కు ముందుకొస్తుంది, ఇంజను రేస్ ఎక్కుతుంది. దాన్ని తగ్గించాలని స్క్రూ తిప్పితే వేగం పడి బరువులు ఒక్కసారిగా లోపలికి వస్తాయి, స్పార్కు వెనక్కు పోతుంది, ఇంజను ఆగిపోతుంది. మధ్యలో నిలిచే చోటు లేదని మాస్టారు మొదటి రోజే చెప్పిన మాట సరిగ్గా ఇదే. నేను వినలేదు.

స్ప్రింగుల జత ఖరీదు 60 రూపాయలు. కొత్తవి వేశాక కొండ దారి ఎక్కించి, దింపి, గేటు పడ్డప్పుడు పది నిమిషాలు నిలబెట్టాను. బండి ఒకే తాళంలో కొట్టుకుంటూ ఉండిపోయింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలనిపిస్తోంది. స్లోలో ఇంజను చాలా తక్కువ గాలితో, చాలా తక్కువ పెట్రోలుతో బతుకుతుంది. అందువల్ల ఎక్కడ చిన్న లోపమున్నా అక్కడే బయటపడుతుంది. అరవై వేగంలో ఆ లోపాన్ని ఇంజను మింగేస్తుంది. కాబట్టి స్లో నిలబడటం లేదంటే అది ఇంజను మొత్తం చేస్తున్న ఫిర్యాదు. నేను దాన్ని ఒక్క కార్బరేటర్ ఫిర్యాదుగా విన్నాను.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. పైలట్ జెట్టు మూసుకుపోతే నేను క్లచ్ కేబుల్ నుంచి తీసిన ఉక్కు తీగ గుచ్చి శుభ్రం చేసేవాడిని. జెట్టు ఇత్తడిది, మెత్తనిది. అర మిల్లీమీటరు కూడా లేని ఆ రంధ్రంలో ఉక్కు తీగ నాలుగుసార్లు ఆడితే రంధ్రం పెద్దదవుతుంది. అప్పటి నుంచి బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, ఎయిర్ స్క్రూ (స్లోలో గాలిని సరిచేసే స్క్రూ) మూడు చుట్లు విప్పినా మార్పు కనబడదు. మామూలుగా అది పూర్తిగా బిగించిన చోటు నుంచి ఒకటిన్నర చుట్టు దగ్గర కుదరాలి. ఇప్పుడు జెట్లను క్లీనర్‌లో నానబెట్టి గాలి ఒత్తిడితో ఊదుతున్నాను. తీగ షెడ్డులో లేదు. నేను తీగ గుచ్చిన జెట్టు మీ బండిలో ఉంటే ఉచితంగా మారుస్తాను.

పెట్రోలు సంగతి మీలో చాలామంది అడుగుతున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో కొన్ని బంకుల్లో మొదలై 2025 నాటికి దాదాపు అంతటా వచ్చేసింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఒక కిలో ఇథనాల్‌కు 9 చాలు. పాత కార్బరేటర్ జెట్లు ఇథనాల్ లేని పెట్రోలుకు లెక్కవేసి పెట్టినవి. అదే జెట్టుతో ఈ పెట్రోలు పోస్తే మిశ్రమం కొద్దిగా పలచబడుతుంది, ఆ పలచదనం మొదట స్లోలోనే తెలుస్తుంది. ఎయిర్ స్క్రూ ఒక చుట్టు కన్నా లోపలికి తిప్పితే తప్ప బండి కుదురుకోకపోతే పైలట్ జెట్టు ఒక సైజు పెంచాలి. అయితే గాలి ఎక్కడా లాగడం లేదని నిర్ధారించుకున్నాకే ఆ పని చేయాలి, లేకపోతే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పినట్టవుతుంది. పలచని మిశ్రమానికి చౌక్ (మిశ్రమంలో పెట్రోలు పాళ్ళు పెంచే మీట) మంచి సాక్షి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు చౌక్ సగం లాగితే స్లో బాగుపడితే గాలి ఎక్కువైనట్టు, ఇంకా పాడైతే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇది మీ ఇంటి ముందే చూసుకోవచ్చు.

ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. వానాకాలంలో నెల రోజులు కదలకుండా ఉన్న బండ్ల ఫ్లోట్ గిన్నెలో (కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) నీటి బొట్లు, అడుగున పసుపు జిగురు చూస్తున్నాను. పాత పెట్రోల్ పైపులు, రబ్బరు రింగులు ఉబ్బి పగులుతున్నాయి. బండిని రెండు మూడు వారాలు తీయనప్పుడు పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడిపి ఉంచండి. గిన్నె ఖాళీ అయితే జిగురు పట్టడానికి ఏమీ మిగలదు.

ఆర్‌ఎక్స్ 100 వాళ్ళకు ఒక్క మాట. టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ ఆయిల్ సీలు (క్రాంక్ చివర గాలినీ నూనెనూ ఆపే రింగు) అరిగితే అక్కడి నుంచే గాలి లాగుతుంది. రేస్ వదిలాక వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంది. కుడివైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి పోయి పొగ తెల్లగా, దట్టంగా వస్తుంది. ఎడమవైపుది మాగ్నెట్ తీస్తే చేతికి అందుతుంది, కుడివైపుది పెద్ద పని. నేను డబ్బు తిరిగి ఇస్తున్న నాలుగు బండ్లలో రెండు ఇవే.

ఇక నుంచి పని ఇలా జరుగుతుంది. స్లో సమస్యతో వచ్చిన బండికి ముందు పరీక్ష మాత్రమే చేస్తాను. దానికి గంట పైనే పడుతుంది, 200 రూపాయలు తీసుకుంటాను. ఇది ఇదివరకు లేని ఖర్చు అని తెలుసు. ఆ గంటకు డబ్బు తీసుకోకపోతే నేను మళ్ళీ పావుగంట పనికే పరుగెత్తుతాను. పాడైన భాగాన్ని మీకు చూపించి, మీరు సరేనన్నాకే మారుస్తాను. పాతది మీ చేతికే ఇస్తాను. డూప్లికేట్ కార్బరేటర్లు అమ్మను. మంచిది దొరకడానికి కొన్ని వారాలు ఆగవలసి వస్తే ఆగమని చెబుతాను. ఇలాంటి బండ్లు రోజుకు రెండింటికి మించి తీసుకోను, కాబట్టి గుణుపురం, టెక్కలి వైపు నుంచి వచ్చేవారు ముందుగా ఫోను చేసి రండి.

తిరిగి ఇవ్వవలసిన నలుగురిలో ఇద్దరికి ఇప్పటికే ఇచ్చాను. మిగిలిన ఇద్దరికి ఫోను కలవడం లేదు. ఒకరిది ఎర్ర ఆర్‌ఎక్స్, వెనుక సీటు కొత్తగా కుట్టించినది. రెండోది కాశీనగర్ నుంచి వచ్చిన రాజ్‌దూత్. బిల్లు లేకపోయినా పరవాలేదు, నా పుస్తకంలో బండి నంబరు, తీసుకున్న మొత్తం రాసి ఉన్నాయి. సాయంత్రం ఆరు తరువాత ఎప్పుడైనా రావచ్చు.

పరీక్షకు తెచ్చేవారు వీలైతే బండిని ముందురోజు రాత్రే షెడ్డులో వదిలి వెళ్ళండి. పొద్దున చల్లటి ఇంజను మొదటి కిక్కుకు ఎలా పలుకుతుందో నేను వినాలి. స్క్రూలు మాత్రం మీరు కదపవద్దు.