విషజ్వరం అంటే ఏ జ్వరం?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘విషజ్వరంతో గిరిజన బాలిక మృతి’ అని నాలుగు వాక్యాల వార్త వేశారు. రక్తపరీక్ష చేశారా, చేస్తే ఏం తేలింది, అది మలేరియానా కాదా అన్నది అందులో లేదు. పక్కన మురుగుకాల్వ ఫొటో ఒకటి. మన్యంలో మలేరియా దోమ మురుగులో పుట్టదని ఎన్నిసార్లు చెప్పాలి? అది పెరిగేది కొండవాగుల్లో, ఊటగుంటల్లో, పిల్లలు దోసిళ్లతో తాగే తేటనీళ్లలో.

ముప్పై ఏళ్లు ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. పీఎఫ్ (ప్లాస్మోడియం ఫాల్సిపారం) అనే ప్రాణాంతక రకం మలేరియా అంటే, ఆ పరాన్నజీవి మైక్రోస్కోపులో ఎర్రకణం లోపల సన్నటి ఉంగరంలా కనబడుతుంది. ఒక్కో కణంలో రెండేసి ఉంగరాలు, స్లైడు ఎటు జరిపినా అవే కనిపిస్తే నాకు చేతులు వణికేవి. పరుగున వెళ్లి డాక్టరుగారికి చెప్పేవాణ్ణి. పరాన్నజీవి చేరిన ఆ కణాలు మెదడులో, కిడ్నీల్లో సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుపోతాయి. అందుకే ఒకరికి ఫిట్స్ వస్తాయి, ఒకరికి మూత్రం ఆగిపోతుంది, ఒకరికి కళ్లు పచ్చబడతాయి, ఇంకొకరు ఆయాసంతో కొట్టుకుంటారు. ఇంట్లోవాళ్లు పచ్చకామెర్లనుకుని పసరు పోయిస్తారు. చివరికి ఆస్పత్రి కాగితం మీద కూడా ‘కిడ్నీ ఫెయిల్యూర్’ అని రాసేస్తే మలేరియా అన్న మాటే ఎక్కడా మిగలదు.

ఒక పాపను మరచిపోలేను. ఎనిమిదేళ్లుంటాయి. జ్వరం మొదలైన ఆరో రోజున డోలీలో మోసుకొచ్చారు. అప్పటికే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెలైన్లు ఎక్కించారు, రక్తం మాత్రం ఎవరూ చూడలేదు. మెదడువాపు అని పెద్దాస్పత్రికి రాయబోతుంటే నర్సమ్మ వేలు గుచ్చి షుగర్ చూసింది. 32. వెంటనే గ్లూకోజ్ ఎక్కించారు. కాసేపటికి పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది. స్లైడు నిండా పీఎఫ్. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టి, రక్తం కూడా ఎక్కించాక బతికింది. తీవ్ర మలేరియాలో పిల్లలకీ గర్భిణులకీ షుగర్ ఇట్టే పడిపోతుంది. స్పృహ లేని మనిషికి అది చూడకపోవడం క్షమించరాని తప్పు.

ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఐదేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, ఎన్నడూ మలేరియా ఎరగని మైదాన ప్రాంతం నుంచి ఉద్యోగానికో రోడ్డు పనికో వచ్చినవాళ్లకి. అందరికంటే పెద్ద ప్రమాదం ఆలస్యం. పీఎఫ్‌కి ఒక్క రోజు కూడా ఎక్కువే. కిట్‌తో పరీక్ష చేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం వస్తుంది. తీవ్ర మలేరియాకు పాత మందు క్వినైన్ కంటే ఆర్టిసునేట్ ఇస్తే మరణాలు మూడో వంతుకు పైగా తగ్గుతాయని మన దేశంతో సహా ఆసియా దేశాల్లో చేసిన పరిశీలనలో 2005లోనే తేలింది. మందుంది, కిట్ ఉంది. మరి పిల్లలెందుకు పోవాలి?

నేను రిటైరయ్యాక నా కుర్చీ రెండేళ్లు ఖాళీగా ఉంది. మైక్రోస్కోపుకు గుడ్డ కప్పి పెట్టారు. అధికారులు వస్తారు, దోమతెరలు పంచుతూ ఫొటో దిగుతారు, ఆ ఫొటో మీరు వేస్తారు. ఇళ్లలో దోమల మందు పిచికారీ వానలకు ముందు చేశారా, వానలు పడ్డాక చేశారా అని ఎవరూ అడగరు. ఇదివరకు మీ విలేకరులు పీహెచ్‌సీకి వచ్చి రిజిస్టరు చూపించమనేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లోనే వార్త అయిపోతోంది.

2030 కల్లా మలేరియాను నిర్మూలిస్తామని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మలేరియాతో పోయినవాళ్లను విషజ్వరం ఖాతాలోనో కిడ్నీ ఖాతాలోనో రాస్తే లెక్క తగ్గుతుంది, జబ్బు తగ్గదు. దయచేసి మీ వార్తలోని ఆ బాలిక ఊరికి మీ విలేకరిని పంపండి. ఏ రోజున జ్వరం వచ్చింది, ఏ రోజున పరీక్ష చేశారు, అందులో ఏం వచ్చింది. ఈ మూడూ అడిగి, అదే పేజీలో వేయండి.

– విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, పాడేరు