గేర్‌బాక్స్ దింపే ముందు చూడవలసినవి

సంపాదకులకు,

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కింద నుంచి చప్పుడు వస్తే ఆలస్యం చేయకుండా గేర్‌బాక్స్ దింపించాలని మీ వాహనాల పేజీలో ఇచ్చిన సలహా చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఆ సలహా పాటించి నష్టపోయినవాణ్ణి నేను. మూడేళ్ల క్రితం నా బండి క్లచ్ వదిలిన ప్రతిసారీ కింద ‘టక్’మనేది. మెకానిక్ గేర్‌బాక్స్ దింపి, బేరింగులన్నీ మార్చి బిగించి ఇచ్చాడు. ఇల్లు చేరేలోపే ఆ ‘టక్’ మళ్లీ వినిపించింది. చివరికి దోషం వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాల వైపు శక్తిని మోసే పొడవాటి గొట్టం) కొసనున్న యూజే క్రాస్‌లో, అంటే షాఫ్టు వంపు తిరిగినా శక్తి అందించే యూనివర్సల్ జాయింటులో, దొరికింది. దాని కప్పుల అంచున ఇటుక పొడిలా ఎర్రటి తుప్పు పేరుకుని ఉంది. విప్పితే లోపల గ్రీజు జాడే లేదు. సూదుల్లాంటి సన్నని బేరింగు రోలర్లు క్రాస్ కాళ్ల మీద వరసగా గాట్లు పెట్టేశాయి. చక్రాలకు అడ్డు పెట్టి, బండి కింద దూరి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి ఉంటే ఆ లూజు రెండు నిమిషాల్లో తెలిసిపోయేది.

ఇటువంటి బండిలో శక్తి గేర్‌బాక్స్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకు (శక్తిని ముందుకూ వెనక్కూ పంచే పెట్టెకు), అక్కడి నుంచి రెండు షాఫ్టుల మీదుగా ముందు, వెనక డిఫరెన్షియళ్లకు (ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లకు) చేరుతుంది. దారి పొడవునా అతుకులే కనుక ఎక్కడో పుట్టిన చప్పుడు ఛాసిస్ వెంట పాకివచ్చి గేర్ రాడ్డు దగ్గర వినిపిస్తుంది. చెవి చూపించిన చోటును నమ్మడం కంటే, చప్పుడు ఏం చేస్తే మారుతుందో గమనించడం మేలు. ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద ఆ చప్పుడు వచ్చే వేగానికి చేరి, న్యూట్రల్ వేసి బండిని దానంతట అది సాగనివ్వాలి. ఇంజిన్ వేగం పడిపోయినా చప్పుడు అలాగే ఉంటే అది చక్రాలతో పాటు తిరిగే భాగాలది, అంటే షాఫ్టులది, డిఫరెన్షియళ్లది, చక్రాల బేరింగులది, ఒక్కోసారి వట్టి టైర్లది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక తీరుగా, వదిలితే మరో తీరుగా ఊళ వేస్తుంటే డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ గేర్ల పళ్లనూ పినియన్ బేరింగునూ అనుమానించాలి. మలుపులో ఒకవైపు హోరు పెరిగి, రెండోవైపు తగ్గుతుంటే చక్రం బేరింగు. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోనిచ్చినప్పుడు టకటకమంటే ముందు చక్రాల సీవీ జాయింటు (చక్రం మలిగినా దానికి శక్తి అందించే అతుకు).

రోగం కాని ఒక లక్షణాన్ని కూడా రోగంగా లెక్కవేసి బండి విప్పడం చూశాను. మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేది) లేని బండిని పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపితే, మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగవలసి వస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు రెండు షాఫ్టులనూ కట్టి ఉంచుతుంది కాబట్టి ఆ తేడా మెలికగా పేరుకుని స్టీరింగు బరువెక్కుతుంది, లివరు టూ వీల్‌లోకి రాదు. కొన్ని గజాలు రివర్సులో పోనిస్తే మెలిక వదులుతుంది. అయితే తిన్నని రోడ్డు మీద కూడా ఇలాగే పట్టేస్తుంటే ముందు కొత్త టైర్లు, వెనక అరిగిన టైర్లు ఉన్నాయేమో చూడాలి. పాత బండ్లలో ఇంకో చిక్కు ఉంది. ఎప్పుడో ఎవరో ఒక డిఫరెన్షియల్‌ను మార్చి, ముందు 4.1, వెనక 4.56 నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లు) పెట్టి ఉండవచ్చు. ముందు చక్రాల హబ్బులు లాక్ చేసి (చక్రాలతో పాటు ముందు షాఫ్టు తిరిగేలా), టూ వీల్‌లో, న్యూట్రల్‌లో బండిని తిన్నగా తోసుకుంటూ, చక్రం మీదా షాఫ్టు మీదా సుద్దముక్కతో గీత పెట్టి లెక్కించాలి. చక్రం పది చుట్లు తిరిగేలోపు ఒక షాఫ్టు 41 చుట్లు, మరొకటి 45కు పైగా తిరిగితే దొంగ దొరికినట్టే.

ఆయిల్ దించి చూడడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి అంటుకున్న బూడిదరంగు మెత్తటి పేస్టు మామూలే కానీ, వేలికి గుచ్చుకునే పెచ్చులు కనిపిస్తే పళ్లో బేరింగో విరుగుతున్నట్టు. ఆయిల్ పాలలా తెల్లబారితే నీళ్లలో దిగినప్పుడు బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) గుండా తడి చేరిందన్నమాట. గేర్‌బాక్స్‌లో మట్టం తగ్గి, ట్రాన్స్‌ఫర్ కేసులో పెరిగితే రెంటి నడుమ సీలు పోయింది. బయట ఒక్క చుక్క కూడా కారదు కనుక చాలామందికి ఇది తట్టదు. షాఫ్టు విప్పి మళ్లీ బిగించాక కొత్తగా వణుకు మొదలైతే స్లిప్ జాయింటును (షాఫ్టు పొడవు సర్దుకునే పళ్ల అతుకును) ఒక పన్ను తప్పించి కూర్చారేమో చూడాలి. షాఫ్టు రెండు చివరల యోకులూ (యూజే క్రాస్‌ను పట్టే కొమ్ములు) తయారీదారు పెట్టిన గుర్తుల ప్రకారం సరితూగాలి.

గేర్‌బాక్స్ ఎప్పుడూ నిర్దోషి అని నా వాదన కాదు. ఒకే గేరులో అరుస్తున్నా, యాక్సిలరేటర్ వదలగానే గేరు జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తున్నా దాన్ని దింపక తప్పకపోవచ్చు. అప్పుడు కూడా మౌంటింగుల రబ్బర్లు చిరిగాయా, లివరు లింకేజీ అరిగిందా అన్నవి ముందు చూడమని మీ పేజీలో మరొకసారి రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు