సూరి బావకి: సీటీఓ కుర్చీ నాకొద్దు గానీ...

హైదరాబాద్,
ఆదివారం.

ఒరేయ్ సూరి బావా,

రొయ్యల రైతులకి రోజూ రేట్లు చెప్పే యాప్ పెడతానంటూ, దానికి నన్ను సీటీఓగా, అంటే టెక్నాలజీ పనంతా చూసే పెద్దగా రమ్మంటూ నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. మధ్యలో చెల్లెమ్మ "అన్నం చల్లారిపోతోంది" అని రెండుసార్లు అరవడం కూడా వినబడింది. అంతసేపు మాట్లాడినవాడికి ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తే బాగోదని రాస్తున్నాను. పైగా ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

ముందు తేల్చాల్సింది తేల్చేస్తా. నీ కంపెనీకి సీటీఓగా నేను రాను. మొహం మాడ్చుకోకుండా చదువు. ఇంటి లోను సగం కూడా తీరలేదు. నా ఉద్యోగ ఒప్పందంలో రెండో పని చెయ్యకూడదనీ, ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నేను రాసిన కోడ్ కంపెనీదేననీ స్పష్టంగా ఉంది. పోటీ కంపెనీలకి పనిచేస్తున్నారని 2022లో విప్రో 300 మందిని ఇంటికి పంపింది కదా, అప్పటినుంచి ఇక్కడ అందరికీ భయం పట్టుకుంది. రాత్రిళ్ళు దొంగచాటుగా నీ యాప్ చేసిపెట్టాననుకో, రేపు అది నాలుగు డబ్బులు తెచ్చే సమయానికి మావాళ్ళొచ్చి "ఇది మాది" అంటే నువ్వేం చేస్తావు? ఇవన్నీ ఒక ఎత్తు. అసలు సంగతేంటంటే నాకు రొయ్యంటే వేపుడే. నీకు కావాల్సింది నిద్రలో కూడా చెరువు గురించి కలవరించేవాడు.

"సరే, నువ్వు రాకపోతే మంచి కోడర్‌ని ఒకణ్ణి చూసిపెట్టు" అన్నావు, పెళ్ళిసంబంధం చూడమన్నట్టు. చూస్తాను. కానీ ఆ అడిగే మాట అవతలివాడి చెవికి ఎలా వినబడుతుందో నీకు తెలియాలి. ఈ ఊళ్ళో కోడ్ రాసే ప్రతివాడికీ నెలకోసారైనా ఎవరో ఒకరు తగులుతారు. లిఫ్టులో, పెళ్ళి భోజనాల్లో, పిల్లల స్కూల్ గేటు దగ్గర. మొన్న మా అపార్ట్‌మెంట్ వాళ్ళ కార్తీక వనభోజనాల్లో ఒకాయన పక్కన కూర్చున్నాడు. పులిహోర వడ్డిస్తున్నారు. "బ్రహ్మాండమైన ఐడియా సార్, ఊబర్ లాంటిది. కానీ చెప్పేముందు మీరొక ఎన్‌డీఏ మీద సంతకం పెట్టాలి" అన్నాడు. ఐడియా బయట చెప్పనని రాసిచ్చే కాగితంలే. ఫోన్లో పీడీఎఫ్ రెడీగా ఉంది! పెరుగన్నం దాకా వచ్చేసరికి లెక్క తేలింది: ఐడియా ఆయనది, పని మొత్తం నాది, నా వాటా పది శాతం, జీతం "ఫండింగ్ వచ్చాక". చేతులు కడుక్కుని వచ్చేశాను. ఆయన మంచివాడే పాపం. ఆ ఐడియా గురించి ఆయనకి తెలిసి నాకు తెలియనిదేమీ లేదు, అంతే. అలాంటప్పుడు ఆయన నాకెందుకు?

నీ దగ్గర నాకు అలా అనిపించలేదు. నీ మెసేజ్ విన్నాక మా టీమ్‌లో ఒక కుర్రాడికి, చాలా తెలివైనవాడు, నీ ఆలోచన చెప్పాను. ఏ కౌంట్‌కి ఏ వ్యాపారి ఎంత ఇస్తున్నాడో రైతుకి పొద్దున్నే తెలియాలి అన్నాను. వాడు వెంటనే లాప్‌టాప్ తెరిచి స్క్రీన్ బొమ్మ గీసేశాడు. అందులో 100 కౌంట్ పైన పెట్టి ఎక్కువ రేటు, 30 కౌంట్ కింద పెట్టి తక్కువ రేటు రాశాడు. నంబరు పెద్దదైతే రొయ్య పెద్దది అనుకున్నాడు! కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క బాబూ, 30 కౌంటే పెద్దది అని చెప్తే నోరెళ్ళబెట్టాడు. ఆ యాప్ అలాగే ఆకివీడు పంపిస్తే రైతులు నీ షాపు ముందుకొచ్చి ఏమంటారో నాకంటే నీకే తెలుసు.

కౌంట్ సంగతి చెప్తే ఐదు నిమిషాల్లో నేర్చుకుంటాడు, అది చిన్న విషయం. మేత బాకీ సంగతి మాత్రం వాడి ఊహకి కూడా అందదు. నువ్వే అన్నావు కదా, పక్క వ్యాపారి కిలోకి పది రూపాయలు ఎక్కువ ఇస్తున్నాడని తెలిసినా రైతు అమ్మడు, ఎందుకంటే పంటంతా అరువు మీద మేత ఇచ్చినవాడు చెప్పిన చోటే సరుకు వెళ్ళాలి అని. హైదరాబాద్‌లో కూర్చుని "రేటు చూపిస్తే చాలు, రైతు ఎక్కువ ఇచ్చినవాడికే అమ్ముకుంటాడు" అని యాప్ కట్టేవాడు అక్కడే బోల్తా కొడతాడు. నువ్వు మేత అమ్మేవాడివి, ఆ అరువు పుస్తకం నీ గల్లాపెట్టెలోనే ఉంది. నీ అసలు బలం అదిరా. సీటీఓని వెతికేటప్పుడు "యాప్ ఐడియా ఉంది" అని మొదలుపెట్టకుండా ఆ పుస్తకంలో ఉన్న కథ చెప్పు.

అయితే కథ ఒక్కటే చాలదు. వచ్చేవాడికి ఏదో ఒకటి నడుస్తూ కనబడాలి. దానికి కోడ్ అక్కర్లేదు. ఫోన్లో వాట్సాప్ బిజినెస్ వేసుకో. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టి రోజూ పొద్దున్న కౌంట్ వారీగా రేట్లు పంపు. ఒక లిస్టులో 256 మంది పడతారు, నీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ చేసుకుంటేనే మెసేజ్ చేరుతుంది. ఇది కూడా మంచిదే, ఎంతమంది పనిగట్టుకుని సేవ్ చేసుకున్నారో చూస్తే నీ సరుక్కి గిరాకీ ఉందో లేదో తేలిపోతుంది. ఇంకోపక్క గూగుల్ షీట్‌లో ఎవరి చెరువు ఎప్పుడు పట్టుబడికి వస్తోంది, అంచనా కౌంట్ ఎంత, ఎన్ని టన్నులు, రాయించు. రైతుల్ని ఫారం నింపమని అడగకు, నింపరు. మేత బస్తాలకి వచ్చినప్పుడు షాపులో కుర్రాడు అడిగి రాసుకుంటే చాలు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మీ దగ్గర ఇప్పుడు పట్టెయ్యాలా, ఇంకో పది రోజులు మేత వేసి ఆగాలా అని రైతులు కొట్టుకుపోయారని చెప్పావు. ఆ రోజుల్లో ఈ షీట్ ఉండుంటే నీ షాపు దగ్గర జాతరే.

రెండు మూడు నెలలు ఇలా చేతులతో నడిపితే ఎక్కడో ఒకచోట చేతులు చాలవు. ఆ చాలని చోటే నీకు కోడర్ కావాలి. అప్పుడు "రోజూ ఇంతమంది చూస్తున్నారు, ఈ లెక్క రాసుకోలేక ఛస్తున్నాం" అని చెప్పగలవు. అలాంటి మాట వింటే మావాళ్ళ చేతులు దురద పెడతాయి.

షేర్లు కొని అమ్ముకునే యాప్ జెరోధా సంగతి చూడు. 2010లో మొదలుపెట్టారు. ఇవాళ వాళ్ళ టెక్నాలజీ అంటే అందరూ చెప్పే పేరు కైలాష్ నాధ్, ఆయన వచ్చింది 2013లో. అప్పటికే ట్రేడింగ్ వ్యాపారం కంపెనీ పెట్టిన నితిన్ కామత్ చేతిలో నడుస్తోంది. బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ ఇంకో రకం. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి బస్సు టికెట్ దొరక్క మొదలైన కథ. ఆయనా, ఆయన స్నేహితులిద్దరూ ఇంజనీర్లే గానీ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు, సాఫ్ట్‌వేర్ రాదు. ప్రోగ్రామింగ్ తామే నేర్చుకుని 2006లో మొదలుపెట్టారు. నిన్ను నేర్చుకోమనడం లేదులే, పదో తరగతిలో నీ లెక్కల మార్కులు నాకు గుర్తే.

వెతకడం ఎక్కడ అన్నావు. స్టార్టప్‌లకి పెట్టుబడి పెట్టే అమెరికా సంస్థ వై కాంబినేటర్ వాళ్ళు 2021లో కో-ఫౌండర్లని, అంటే కలిసి కంపెనీ పెట్టేవాళ్ళని కలిపే వేదిక ఒకటి ఉచితంగా పెట్టారు, ప్రొఫైల్ పెట్టుకో, పోయేదేముంది. ఇక్కడ స్టార్టప్‌ల కోసం పెట్టిన టీ-హబ్‌లో మీటప్‌లు అవుతుంటాయి, వస్తే మా ఇంట్లోనే ఉండు. కానీ నా మాట వింటే మీ ఊరు వదలకు. ఇళ్ళు రోజుల లెక్కన అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ మొదలెట్టిన ఇద్దరూ డిజైనర్లు, కోడ్ రాసిన మూడోవాడు ఎవరనుకున్నావు? వాళ్ళలో ఒకడి పాత రూమ్మేటు. ఇలాంటి మనిషి ఎప్పుడూ తెలిసినవాళ్ళలోనే తగులుతాడు. నీకు కావాల్సినవాడు భీమవరం చుట్టుపక్కల పుట్టి, ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీలోనో ఇంకోచోటో చదివి, ఇప్పుడు గచ్చిబౌలిలోనో బెంగళూరులోనో ఉంటాడు. వాళ్ళ నాన్నకి చెరువులుంటాయి. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి ఒక పంట మొత్తం పోయిన ఏడాది ఇంట్లో ఎలా గడిచిందో వాడికి గుర్తుంటుంది. కౌంట్ అంటే వాడికి నువ్వు చెప్పక్కర్లేదు.

వాణ్ణి పట్టుకోవడానికి సంక్రాంతిని మించిన రోజు లేదు. హైటెక్ సిటీ సగం మీ ఊళ్ళోనే ఉంటుంది కదా ఆ మూడు రోజులూ! బరి దగ్గర మాత్రం మాట్లాడకు, పందెం మీద ఉన్నవాడికి స్టార్టప్ ఎక్కదు. కనుమ సాయంత్రం, ఉన్నదంతా పోగొట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంటాడు చూడు, అప్పుడు షీట్ చూపించు.

ఇక దొరికాడే అనుకో, పనిమంతుడో కాదో నీకెలా తెలుస్తుంది? కోడ్ చదవడం రాదు కదా. ముందు ఒక చిన్న పని అప్పజెప్పు, డబ్బిచ్చి. ఉచితంగా చేయించుకోకు. ఆ రేట్ల మెసేజ్ రోజూ దానంతటదే తయారయ్యేలా చెయ్యమను, చాలు. ఎలాంటి ప్రశ్నలు అడుగుతున్నాడో చూడు. రైతుకి నెట్ లేనప్పుడు ఏం చెయ్యాలి, రేటు మధ్యాహ్నం మారితే పొద్దున్న చూసినవాడి సంగతేంటి, ఒకే వ్యాపారి రెండు రేట్లు చెప్తే ఏది పెట్టాలి, ఇవి అడిగేవాడిని వదలకు. "యాప్ ఇప్పుడే వద్దన్నా, వాట్సాప్ మీదే ఇంకొన్నాళ్ళు లాగుదాం" అన్నాడంటే కాఫీ ఇప్పించి ఇంటికి తీసుకెళ్ళు. వినగానే పెద్ద పెద్ద టెక్నాలజీ పేర్లు అప్పజెప్పేవాడితో కాస్త జాగ్రత్త. టెక్నికల్ ఇంటర్వ్యూకి నేను కూర్చుంటాను, ఆదివారం అయితే ఎప్పుడైనా సరే.

ఏఐ ఉంది కదా, మనమే చేసేసుకుందాం అన్నాడట మీ బావమరిది. మొదటి బొమ్మ వరకూ నిజమే, మీ బావమరిదే చెయ్యగలడు. డబ్బులు చేతులు మారే చోట రాత్రి రెండింటికి లెక్క తప్పితే ఆ బొమ్మ వెనక ఏముందో తెలిసినవాడు ఒకడు కావాలి.

ఈలోపు విజయవాడలో ఎవరో మూడు లక్షలకి యాప్ చేసిపెడతామన్నారన్నావే, అది కాస్త నిదానంగా చూసుకో. నీ దగ్గర జీతం తీసుకునే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ కాపీరైట్ మామూలుగా నీదే అవుతుంది. బయటివాళ్ళకి కాంట్రాక్టు ఇచ్చి చేయిస్తే డబ్బు కట్టినంత మాత్రాన నీదైపోదు, హక్కులు రాసి ఇవ్వాలి. ఆ రాతలో కూడా కిటుకుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు లెక్క. ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే ఇండియా వరకే. అందుకని "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించుకో. ప్లే స్టోర్ అకౌంట్‌కి 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు, అది నీ పేరు మీద తియ్యి. డొమైన్, సర్వర్ అకౌంట్లు కూడా అంతే.

వాటా సంగతి. నాకు ఐదు శాతం అన్నావు, నవ్వొచ్చింది, కోపం రాలేదులే. కానీ వచ్చేవాడికి ఆ మాట అనకు. మొదటిరోజు నుంచి జీతం లేకుండా నీతోపాటు మునిగేవాడికి సగమో, సగానికి దగ్గరో ఇవ్వాలి. షాపు పరపతి, రైతులు, నువ్వు పెట్టే డబ్బు ఉన్నాయి కాబట్టి నీకు కాస్త ఎక్కువుండటం న్యాయమే. అయితే మొత్తం ఒకేసారి వాడి సొంతం చేసెయ్యకు. నాలుగేళ్ళలో మెల్లిగా దక్కాలి, ఏడాది తిరక్కుండా వెళ్ళిపోతే ఏమీ దక్కకూడదు, మావాళ్ళలో నడిచే పద్ధతి ఇదే. చెరువు లీజుకి తీసుకున్నవాడు ఒక్క పంట వేసి పోతూ గట్టు కోసుకుపోడు కదా, అలాగన్నమాట. నీకూ ఇదే షరతు పెట్టుకో, అప్పుడే వాడికి నమ్మకం. ఇది వాటాదారుల ఒప్పందంలో రాయించాలి. కంపెనీ ప్రమోటర్‌కి, అంటే కంపెనీ పెట్టినవాడికి, ఈసాప్‌లు (ఉద్యోగులకి ఇచ్చే షేర్ల ఆప్షన్లు) మామూలుగా ఇవ్వకూడదు, కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల విభాగం డీపీఐఐటీ గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకి పదేళ్ళ వరకు వెసులుబాటు ఉంది. పని చేసినందుకు ఇచ్చే స్వెట్ ఈక్విటీకి 2013 కంపెనీల చట్టంలో 54వ సెక్షన్. ఈ నంబర్లు మీ ఆడిటర్‌గారికి చెప్తే మిగతాది ఆయన చూసుకుంటారు. ఆయన నీ జీఎస్టీ రిటర్నులు తప్ప ఇంకేం చూడరంటావా, భీమవరంలోనే కంపెనీ సెక్రటరీ ఎవరైనా ఉన్నారేమో కనుక్కో.

నాకైతే వాటా వద్దు. ఆ ఇంటర్వ్యూలకి కూర్చున్నందుకు ఓ కిలో 30 కౌంట్, ఐస్ బాగా వేసి బస్సులో పంపు. మీ చెల్లి అడగమంది.

రేపటి నుంచే రేట్లు పంపడం మొదలెట్టు. ఆ లిస్టులో నా నంబరు కూడా వెయ్యి, నీది నా ఫోన్లో సేవ్ చేసే ఉంది. అత్తయ్య మోకాలు ఎలా ఉంది? ఫిజియోథెరపీకి వెళ్తోందా, లేక ఆ నూనె రాసుకునే కూర్చుందా? అన్నట్టు, మీ పక్కవీధి రాజుగారి రెండోవాడు, బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు, ఇంటి నుంచే పని చేస్తున్నాడని చెప్పావు కదా పోయిన వేసవిలో? వాళ్ళకి చెరువులున్నాయా? వాడి నంబరు పంపు.

నీ
వాసు