మంగళవారం ఫొటో

ఆకివీడు,
వినాయక చవితి మర్నాడు

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం. నిన్న పూజకి పత్రి చిన్న బాబాయి తెచ్చాడు, ఉండ్రాళ్ళు అమ్మ ఒక్కతే చేసింది. మోకాలు పర్లేదంటోంది గానీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటోంది. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పాలలెక్క రాసే క్యాలెండర్ మీదే అమ్మ ఆ లెక్క కూడా రాస్తోంది.

గుడివాడ అత్తయ్య వచ్చి తన ఫోన్లో నీ ఫొటో చూపించింది. టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులోని టెక్సోమా చెరువు మీద, మన పడవలో, చేతిలో స్ట్రైపర్ చేప. మంగళవారం పొద్దున పదింటికి తీసిందట. అత్తయ్య ఇంకో మాట కూడా చెప్పింది, అది తర్వాత రాస్తాను. ముందు ఫొటోలో కనిపించినవి రాస్తాను, ఎందుకంటే కొన్ని అర్జెంటుగా చెప్పాల్సినవి ఉన్నాయి.

చేప బాగుంది. ఒంటి మీద గీతలు తెగకుండా తోకదాకా పోయాయి కాబట్టి అది స్ట్రైపరే, దాని పోలికలోనే ఉండే శాండ్ బాస్ కాదు. చిన్నవి పడ్డప్పుడు గీతలు చూసి పోల్చుకోలేవు. అనుమానమొస్తే నోట్లో వేలు పెట్టి నాలుక తడుము. స్ట్రైపర్‌కి పళ్ళ గరుకు పక్కపక్కన రెండు చోట్ల తగులుతుంది, శాండ్ బాస్‌కి మధ్యలో ఒక్కచోటే. ఇది తెలియాలి, ఎందుకంటే శాండ్ బాస్ రోజుకి 25 పట్టుకోవచ్చు, స్ట్రైపర్ 10 మాత్రమే, ఆ పదిలో 20 అంగుళాలు దాటినవి రెండే ఉండాలి. ఒకసారి ట్యాంకులో వేసుకున్న స్ట్రైపర్‌ని, ఇంకాస్త పెద్దది దొరికిందని వదిలెయ్యడం టెక్సోమాలో నేరం. టెక్సోమా లైసెన్సే తీసుకున్నావు కదా? అది ఉంటే టెక్సస్ వైపైనా ఓక్లహోమా వైపైనా చెల్లుతుంది, డిసెంబరు 31తో అయిపోతుంది.

ఇంతకీ ఆ చేపని ఇంటికి తెచ్చావా, నీళ్ళలో వదిలేశావా? వదిలేసి ఉంటే ఇది జాగ్రత్తగా చదువు.

మన కలిదిండి చెరువులో తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో ఆక్సిజన్, పడిపోతే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, ఏరేటర్లు వెయ్యగానే సర్దుకుంటాయి. ఐదారడుగుల చెరువు గనక గాలి కొడితే అడుగుదాకా కలిసిపోతుంది. టెక్సోమా అలాంటిది కాదు. జూన్ నుంచి ఎండకి పైనీళ్ళు వేడెక్కి తేలికై, మూతలాగా పడతాయి. కింద చల్లటి నీళ్ళు ఉంటాయి గానీ వాటికి గాలి తగలదు. పైన చచ్చిన నాచు కిందికి దిగి కుళ్ళుతుంటే అక్కడున్న కాస్త ఆక్సిజనూ అయిపోతుంది. ఆగస్టు చివరికి పైన 85, 88 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, అడుగున ఊపిరాడని చల్లదనం. స్ట్రైపర్ సముద్రపు జాతి, దానికి చల్లటి నీళ్ళు కావాలి. పెద్దదయ్యేకొద్దీ వేడి అసలు ఓర్చుకోలేదు. ఈ రెంటి మధ్యన దొరికిన సన్నటి పొరలో ఇరుక్కుని, అక్టోబరులో పైనీళ్ళు చల్లబడి కిందవాటితో కలిసేదాకా రోజులు నెట్టుకొస్తుంది. నువ్వు దాన్ని నలభై అడుగుల లోతు నుంచి పీకి, వేడినీళ్ళగుండా లాగి, ఫొటోకి నిమిషంపాటు గాల్లో పట్టుకుని వదిలితే తోక ఆడించి లోపలికి పోతుంది. బతికిందనుకుంటాం. చాలా వరకు కిందికెళ్ళి చస్తాయి. అందుకని ఈ నెలలో పట్టి వదలడం అనే ఆట వద్దు. ఎన్ని తింటావో అన్ని పట్టుకో, అవి పడగానే గాలాలు చుట్టేసి ఒడ్డుకొచ్చెయ్. ఒక్కదానివి, నీకు మూడు చాలు. పక్కింటి వాళ్ళకి ఇవ్వాలనుకుంటే ఐదు.

ఫొటోలో నీ వెనక పడవలు దింపే ర్యాంపు దగ్గర ఒక్క ట్రైలరూ లేదు. శనాదివారాల్లో అక్కడ కాలు పెట్టే చోటుండదు. పని రోజున పదింటికి నువ్వక్కడ ఎలా ఉన్నావు? సెలవు పెట్టి ఉంటావు, సరే.

చేపలెక్కడున్నాయో చూపించే సోనార్ తెర కూడా కనబడింది. చెరువు అడుగు 58 అడుగుల లోతున చూపిస్తోంది, చేపలు ముప్పై నలభై అడుగుల మధ్యలో ఉన్నాయి. రాడ్‌కి రెండౌన్సుల తెల్ల స్లాబు, ఆ లోహపు ఎర, కట్టి ఉంది. అడుగుదాకా వదిలి పైకి చుడుతున్నావా? అలాగైతే గంటలో ముప్పావు వంతు చేపలు లేనిచోటే గడుపుతున్నావు. సోనార్ సెన్సిటివిటీ కొంచెం పెంచితే మసక గీత ఒకటి అడ్డంగా కనిపిస్తుంది, అదే థర్మోక్లైన్, పైన వేడినీళ్ళూ కింద చల్లనీళ్ళూ విడిపోయే చోటు. ఆ గీత కింద ఈ రోజుల్లో స్ట్రైపర్ ఉండదు. కాబట్టి ముప్పై, నలభై అడుగులకి మించని మెట్టలు వెతుకు. వాషిటా పాయింట్ దగ్గరా, ప్లాటర్ ఫ్లాట్స్ అంచులోనూ ఉన్నాయి. అక్కడ అడుగే గీతకి పైన ఉంటుంది గనక, స్లాబు నేలకి తగిలించి నాలుగైదు చుట్లు వేగంగా చుట్టి మళ్ళీ వదిలెయ్. లోతు ఎక్కువున్న చోట మాత్రం లెక్కపెట్టి వదులు: రీల్ నుంచి మొదటి రింగుదాకా ఒక్కో లాగుడుకి ఎంత దారం వస్తుందో ఇంట్లోనే టేపు పెట్టి కొలుచుకో. చేపలు ముప్పై ఐదులో ఉంటే ముప్పై రెండులో ఆపు. స్ట్రైపర్ ఎక్కువగా తనకి మీదున్నదాన్నే తింటుంది, కిందికి దిగి తినడం తక్కువ.

స్లాబు కన్నా బతికున్న షాడే మేలు, స్ట్రైపర్ తినే ఆ చిన్న చేప. గాలి లేని మధ్యాహ్నాల్లో స్లాబుని ముట్టుకోని చేప కూడా షాడ్‌ని తింటుంది. పొద్దు పొడవకముందే లోతు తక్కువున్న కయ్యల్లో విసురు వల వెయ్యి. ఆగస్టులో నీటిమీద పక్షులు దారి చూపించవు, ఒడ్డున కొంగలు వరసగా నిలబడ్డ చోట షాడ్ ఉంటుంది. పట్టాక చాలామంది వాటిని చంపుకునేది ట్యాంకులోనే. షాడ్ ఆగకుండా ఈదాలి, మూలలుంటే మూతి కొట్టుకుని ఎర్రబడి చస్తుంది, అందుకే మన ట్యాంకు గుండ్రం. పది గ్యాలన్లకి కప్పు కల్లుప్పు వెయ్యి, అయొడిన్ ఉప్పు వద్దు. ఐసు నేరుగా వేస్తే కుళాయి నీళ్ళ క్లోరిన్ దిగుతుంది, సీసాల్లో గడ్డకట్టించి మూతతో సహా వెయ్యి. పంపు నీళ్ళు తిప్పుతోందో లేదో అరగంటకోసారి చూడు. షాడ్ ముక్కు రంధ్రాల్లోంచి సర్కిల్ హుక్, అంటే కొన లోపలికి వంగిన గుండ్రటి గాలం, గుచ్చు, 2/0 సైజు చాలు. రెండౌన్సుల జారే సీసం, స్వివెల్, మూడడుగుల లీడరు దారం. తర్వాత నువ్వు మానుకోవాల్సింది ఒక్కటే: కదిలిందనగానే రాడ్ లాగడం. సర్కిల్ హుక్‌ని లాగితే నోట్లోంచి ఊడి వచ్చేస్తుంది. రాడ్ హోల్డరులోనే ఉంచు. కొన పూర్తిగా వంగి నీళ్ళు తాకేదాకా చేతులు కట్టుకుని కూర్చో, అప్పుడు చుట్టడం మొదలుపెట్టు. ముల్లు దానంతటదే దవడ మూలలో దిగుతుంది. నీకు ఓపిక తక్కువని కాదు, అందరూ చేసే తప్పే ఇది.

స్ట్రైపర్ అసలు మంచినీళ్ళ చెరువులోకి ఎలా వచ్చిందో నీకెప్పుడైనా చెప్పానో లేదో. అట్లాంటిక్ చేప అది. పెరగడం సముద్రంలో, వేసవి ముందు గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురీదుతుంది, మన పులసలాగే. సౌత్ కరోలైనాలో సాంటీ, కూపర్ నదుల మీద కరెంటు కోసం 1939లో పని మొదలుపెట్టి ఆనకట్టలు కట్టారు, 1941, 42 నాటికి నీళ్ళు నిలిచి మారియన్, మౌల్ట్రీ అని రెండు చెరువులయ్యాయి. కొన్ని స్ట్రైపర్లు లోపలి వైపు ఉండిపోయాయి. సముద్రం లేకపోతే ఇది బతకదని, బతికినా పిల్లలు పెట్టదని అప్పటి శాస్త్రం. వయసై ఒకటొకటే పోతాయనుకున్నారు. కొన్నేళ్ళకి జాలర్ల గాలాలకి చిన్నపిల్లలు తగలడం మొదలైంది. ఆనకట్ట కట్టాక పుట్టిన పిల్లలు. చూస్తే, చెరువు పైన కాంగరీ, వాటరీ నదులు అడ్డం లేకుండా పారుతున్నాయి, ఇవి సముద్రాన్ని వదిలేసి ఆ నదుల్లోకి ఎదురీదుతున్నాయి. కావలసింది సముద్రం కాదన్నమాట, పారే నీళ్ళు. స్ట్రైపర్ గుడ్డు అడుగుకి చేరితే బురదలో ఊపిరాడక చస్తుంది, పొదిగేదాకా సుమారు రెండు రోజులు ప్రవాహంలో కొట్టుకుపోతూ తేలాలి. అంత పొడుగు నది ఉన్న చోటే అది తనంతట తాను పిల్లలు పెడుతుంది. తర్వాత 1960లలో అక్కడే మాంక్స్ కార్నర్ హేచరీలో హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. ఒరిస్సాలో మన కార్పులకి 1957లోనే చేశారు, మీ తాతయ్య చేపపిల్లల సీడు తెచ్చింది ఆ పద్ధతిలో పుట్టిందే. అలా చాలా రాష్ట్రాల చెరువుల్లోకి స్ట్రైపర్ పిల్లలు పోయాయి, ఎక్కువ చోట్ల ఏటా కొత్తగా వదలాల్సిందే. టెక్సోమాలో 1965 నుంచి వదిలారు. డెనిసన్ ఆనకట్ట 1944 నాటిది, పైన రెడ్ నదీ వాషిటా నదీ పారుతూనే ఉన్నాయి. అక్కడ అది స్థిరపడిపోయింది.

దారి మూసుకుపోయాక అది ఇంకో దారి వెతుక్కుంది, అంతే. నువ్వు కూడా అని రాయబోయాను. అది ఫోన్లో మాట్లాడదాం.

ఇప్పుడు అసలు భయం. ఇంజన్ ఆపే ఎర్ర తాడు ఫొటోలో స్టీరింగ్ పక్కన వేలాడుతోంది, నీ చేతికి లేదు. జాకెట్ సీటు మీద పడి ఉంది. 26 అడుగుల లోపు పడవలో వేగం మీద ఉన్నప్పుడు ఆ తాడు తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి అక్కడి కేంద్ర చట్టం. చట్టం సంగతి పక్కన పెట్టు. నువ్వు పడిపోతే వదిలేసిన స్టీరింగ్ ఒక పక్కకి తిరిగి పడవ గుండ్రంగా నీ మీదికే వస్తుంది, ప్రొపెల్లర్‌తో సహా. ఒక్కదానివే ఉన్నప్పుడు ఇంజన్ ఆపేవాళ్ళెవరు? ఇంకోటి గాలి. ఐసెన్‌హోవర్ పార్కు ర్యాంపు నుంచి ఉత్తరానికి పోతే దక్షిణపు గాలి వెనకనుంచి తోస్తుంది, హాయిగా ఉంటుంది, ఏమీ తెలీదు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలికి ఎదురు, అలలు ముక్కు మీదుగా లోపలికి దూకుతాయి. గంటకి 15 మైళ్ళు దాటుతుందని వాతావరణం చెబితే అసలు దిగకు. జాకెట్ ర్యాంపు దగ్గరే వేసుకుని ర్యాంపు దగ్గరే విప్పు. ఎండకి ఉక్కగా ఉంటుందంటావు, ఉండనీ. ఏ వైపు పోతున్నావో, ఎన్నింటికి వస్తావో ఎవరికైనా ఒకరికి మెసేజ్ పెట్టు. ఎవరూ లేకపోతే నాకు పెట్టు, నీకు పొద్దునంటే మాకు సాయంత్రమే, మెలకువగానే ఉంటాను.

తెచ్చిన చేపని ఎలా చేస్తున్నావో కూడా తెలీదు. పట్టగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ఐసూ చెరువునీళ్ళూ కలిపిన డబ్బాలో ముంచు. పక్క గీత వెంబడి ఎర్రకండ ఉంటుంది, అది మొత్తం చెక్కి పారెయ్, లేకపోతే పులుసంతా నీచు వాసన. కండ మన పండుగప్పలా గట్టిది, విడిపోదు. చింతపండు పులుసు చిక్కబడ్డాకే ముక్కలు వెయ్యి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పు. పొద్దున చేసింది సాయంత్రం తిను.

అత్తయ్య చెప్పిన మాట: మీ ఆఫీసులో జూలైలో చాలామందిని తీసేశారని, అందులో నువ్వూ ఉన్నావని. అమ్మకి చెప్పలేదు. నిజమైతే నాకు చెప్పు, అబద్ధమైతే అదీ చెప్పు. నిజమైతే మాత్రం ఇన్సూరెన్స్ కాగితాలకి అరవై రోజుల గడువుంటుంది, దాటనివ్వకు, ఆ కవరు ఎక్కడో పడేసి ఉంటావు, ఇవాళే వెతుకు. రిటైర్మెంటు కోసం దాచిన 401కె డబ్బు ముట్టుకోకు. కలిదిండి చెరువు లీజు డబ్బు దసరాకి వస్తుంది, అది నీకు పంపడానికి మాకే ఇబ్బందీ లేదు. చేపలు పట్టుకో, వద్దనను. మంగళవారమైనా సరే, బుధవారమైనా సరే. ఏమైందో చెప్పకుండా మాత్రం ఉండకు.

ఆదివారం నీకు పొద్దున ఎనిమిదికి మాకు సాయంత్రం ఆరున్నర. ఫోన్ నా చేతిలోనే ఉంటుంది. అమ్మ పక్కన ఉండకుండా మేడ మీదికి వెళ్తాను.

ఇట్లు,
నాన్న

తా.క.: ర్యాంపు ఎక్కాక ప్లగ్గు తీసి, ట్యాంకూ, పట్టిన చేపలు బతికుంచే లైవ్‌వెల్లూ పూర్తిగా ఖాళీ చెయ్యి. 2009 నుంచి ఆ చెరువులో జీబ్రా మసెల్స్ అనే ఆలిచిప్పలు ఉన్నాయి, వాటి పిల్లలు చుక్క నీళ్ళతో కూడా వేరే చెరువుకి పోతాయి. మళ్ళీ దిగేముందు ప్లగ్గు పెట్టడం మర్చిపోకు. ట్రైలర్ ఎడమ చక్రం బేరింగులో గ్రీజు పెట్టించి రెండేళ్ళయింది. ముప్పై మైళ్ళు తోలాక దిగి, హబ్ మీద చెయ్యి పెట్టి చూడు, కాలితే ఇక తోలకు. అమ్మ మాగాయ ఎండబెట్టింది, బాబాయి కొడుకు సెప్టెంబరులో వస్తున్నాడు, అతనితో పంపుతాం. నీ అడ్రసు పాతదేనా?