మైనస్ 88: మంత్రి గారికి ఒక ల్యాబ్ ఉద్యోగిని బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పన్నెండేళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నాను. స్క్రీన్ మీద ఎర్రర్ పడితే పిల్లలు మొదట పిలిచేది నన్నే. ఈ రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

పోయిన సెమిస్టర్ ప్రాక్టికల్ పరీక్ష రోజు జరిగింది చెప్తాను. ఉదయం తొమ్మిదిన్నరకు బ్యాచ్ లోపలికొచ్చింది. బయటి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు కూర్చున్నారు, ప్రశ్నలు ఇచ్చేశాం. సాఫ్ట్‌వేర్ తెరవగానే ముప్పై సిస్టమ్‌లలోనూ ఒకటే మాట: లైసెన్స్ చెకౌట్ ఫెయిల్డ్, మైనస్ 88. అంటే సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికి అనుమతి దొరకలేదని. ఎందుకు ఫెయిలైందో, ఎవరిని అడగాలో ఒక్క ముక్క లేదు. రెండో వరుసలో పలమనేరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి, "మేడం, నేనేమైనా తప్పు నొక్కానా?" అని అడిగింది. కళ్లలో నీళ్లు.

లైసెన్స్‌లు ఇచ్చే సర్వర్ ఉన్న గదిలోకి పరిగెత్తి, అది జరిగినవన్నీ రాసుకునే లాగ్ ఫైల్ తెరిస్తే అప్పుడు దొరికింది పూర్తి వాక్యం: సిస్టమ్ గడియారాన్ని వెనక్కి తిప్పారు. ముందురోజు రాత్రి గాలివానకు కరెంటు పోయింది, యూపీఎస్ కూడా అయిపోయింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది, 2032 అంటారు. కరెంటు లేనప్పుడు తేదీ, సమయం కాపాడేది అదే. అది ఎప్పుడో చచ్చిపోయింది. పొద్దున సర్వర్ ఆన్ చేసేసరికి తేదీ ఏళ్ల కింద ఏదో జనవరి ఒకటికి పోయింది. గడువు తీరిన లైసెన్స్‌ను తేదీ వెనక్కి జరిపి వాడుకుంటారేమోనని లైసెన్స్ మేనేజర్‌లో, అంటే సర్వర్‌లో అనుమతులు పంచే ప్రోగ్రాంలో, ఒక కాపలా పెడతారు. ఆ కాపలా మమ్మల్ని దొంగలనుకుంది. బజారుకు మనిషిని పంపి సెల్లు తెప్పించి, తేదీ సరిచేసి, లైసెన్స్ మేనేజర్‌ను మళ్లీ స్టార్ట్ చేసేసరికి గంటా నలభై నిమిషాలు పోయాయి. సెల్లు ఖరీదు యాభై రూపాయల్లోపే.

ఎక్స్‌టర్నల్ గారు మంచివారు, టైం పొడిగించారు. కానీ ఆ అమ్మాయి చేతుల్లో వణుకు తగ్గలేదు. ఆమెకు తెలిసిన ప్రోగ్రామే వచ్చింది, సగంలో ఆపేసింది.

నన్ను బాధపెట్టేది ఆమె అడిగిన ఆ ప్రశ్న. సత్యవేడు నుంచి, పుంగనూరు నుంచి, కుప్పం నుంచి వచ్చే పిల్లలు ఎర్రర్ రాగానే తమకు చదువు రాదేమో అనుకుంటారు. ఇంట్లో కంప్యూటర్ చూసి పెరిగిన పిల్లాడైతే "ఏదో ఇన్‌స్టాలేషన్ ప్రాబ్లం" అని తేలిగ్గా తీసుకుంటాడు. ఇద్దరికీ తెలివి ఒకటే. తప్పు ఎవరిదో తేల్చుకునే ధైర్యం దగ్గరే తేడా.

ఒక కుర్రాడు వారం రోజులు సీ ప్రోగ్రాం రాసి రాసి విసిగిపోయాడు. ఏం రాసినా "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు విన్‌మెయిన్" అని వస్తోంది. "నా ప్రోగ్రాంలో ఆ పదమే లేదు మేడం" అంటాడు. నిజమే, లేదు. అతను ఫైల్ సేవ్ చేయకుండా కంపైల్ చేస్తున్నాడు, అంటే మిషన్ భాషలోకి మారుస్తున్నాడు. డిస్క్ మీద ఉన్నది ఖాళీ ఫైల్. అందులో ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ దొరక్క, ముక్కలను కలిపే లింకర్ విండోస్ వాళ్ల విన్‌మెయిన్ కోసం వెతికి, అదీ లేదని మొరపెట్టుకుంటోంది. కంట్రోల్ ఎస్ నొక్కమన్నాను. వెంటనే నడిచింది. ఇంకో అమ్మాయికి జావాలో "క్లాస్ ఫైల్ వెర్షన్ 61, ఈ రన్‌టైమ్ 52 వరకే గుర్తిస్తుంది" అని వచ్చింది. ఇంట్లో జావా 17తో కంపైల్ చేసి తెచ్చింది, ల్యాబ్‌లో జావా 8 ఉంది. 61 అంటే 17, 52 అంటే 8. చెప్తే అర నిమిషం పని. చెప్పేవాళ్లు లేకపోతే రాత్రంతా జాగారం.

భాషలు తయారుచేసేవాళ్లే ఈ విషయం గుర్తించారు సార్. 2020లో వచ్చిన జావా 14 నుంచి, నల్ పాయింటర్ ఎర్రర్, అంటే ఖాళీగా ఉన్నదాన్ని వాడబోతే వచ్చే ఎర్రర్, వస్తే ఏది ఖాళీగా ఉందో పేరుపెట్టి చెప్పే ఏర్పాటు వచ్చింది. 2021లో వచ్చిన పైథాన్ 3.10 అయితే "ఈ బ్రాకెట్ మూయలేదు" అని ఆ బ్రాకెట్‌నే చూపిస్తుంది. అంతకుముందు ఎక్కడో కింది లైన్లో "ఇన్‌వాలిడ్ సింటాక్స్" అనేసి ఊరుకునేది. ఎర్రర్‌ను మనిషికి అర్థమయ్యేలా చెప్పొచ్చు. డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ మాత్రం మాకు నంబర్ చూపిస్తోంది.

లైసెన్స్ బాధ ఒక్క సెల్లుతో పోలేదు. మా లైసెన్స్, సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డు నంబరుకు కట్టేసి ఉంటుంది. రెండేళ్ల కిందట పిడుగుకు మదర్‌బోర్డు మాడిపోతే కొత్తది వేయించాం. కార్డు మారింది, నంబరు మారింది. ఈసారి మైనస్ 9, అంటే ఈ మిషన్ మాది కాదు అని. లైసెన్స్ మార్చి ఇమ్మంటే లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకం, పాత మిషన్‌లో ఇక వాడబోమని హామీ పత్రం, ఆపైన మెయిల్ వెనక మెయిల్. పంతొమ్మిది రోజులు ల్యాబ్ మూసి కూర్చున్నాం. మామూలు రోజుల్లోనూ మైనస్ 4 ఉండనే ఉంది, అంటే సీట్లు, ఒకేసారి వాడుకోగల లైసెన్స్‌లు, అయిపోయాయని. ఉన్న సీట్లే తక్కువ. ఎవరి సిస్టమైనా హ్యాంగ్ అయితే ఆ సీటు వెంటనే ఖాళీ కాదు, వెనక బెంచీ వాళ్లు గోడ గడియారం చూస్తూ కూర్చోవాలి.

ఇదంతా చూసి విసిగిన పిల్లలు క్రాక్ వెర్షన్, అంటే లైసెన్స్ లేకుండా నడిచే దొంగ కాపీ, వేసుకుంటారు. దాన్ని వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమని ఉంటుంది. ఆపేస్తారు. ఫైనలియర్ కుర్రాడొకడి ల్యాప్‌టాప్‌లో అలా వైరస్ దూరి ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి, ప్రాజెక్టుతో సహా. వాళ్ల నాయన పాల డబ్బులతో కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. ఆ అబ్బాయిని నేను తిట్టలేకపోయాను.

మంత్రి గారూ, ప్రభుత్వం డబ్బుతో గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బుతో గానీ కొనే ప్రతి సాఫ్ట్‌వేర్ ఒప్పందంలో కొన్ని షరతులు రాయించండి. మిషన్ మారితే రెండు పనిదినాల్లో, ఫీజు లేకుండా లైసెన్స్ మార్చి ఇవ్వాలి. సర్వర్ పడిపోయినా పరీక్షల వారంలో సాఫ్ట్‌వేర్ నడవాలి. ప్రతి ఎర్రర్ నంబరుకూ కారణం, చేయాల్సిన పని స్క్రీన్ మీదే కనిపించాలి. ఒక్కో కాలేజీ విడివిడిగా అడిగితే కంపెనీలు వినవు. రాష్ట్రం మొత్తం తరఫున మీరు అడిగితే వింటాయి.

ఇంకో మాట. ప్రాక్టికల్ పరీక్షలో ప్రశ్న ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ పేరు మీద ఉండకూడదు. మ్యాట్రిక్స్ లెక్కలు, గ్రాఫులు గ్నూ ఆక్టేవ్, సైల్యాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేస్తే మార్కులు పోవని యూనివర్సిటీల నుంచి స్పష్టమైన ఉత్తర్వు ఇప్పించండి. వాటికి లైసెన్స్ సర్వరూ అక్కర్లేదు, సీట్ల లెక్కా లేదు. ఆక్టేవ్ అన్నిటికీ సరిపోదని నాకూ తెలుసు, కొన్ని ప్రత్యేకమైన టూల్స్‌కు కొనక తప్పదు. కానీ మొదటి రెండేళ్ల సిలబస్‌కు ఆ అవసరం తక్కువ. కేంద్ర ప్రభుత్వం 2015లోనే తన ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్‌కు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌కు, ముందు చోటివ్వాలని విధానం తెచ్చింది. కేరళలో స్కూలు పిల్లలు ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నేర్చుకుంటున్నారు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ అనే వీడియో పాఠాల్లో తెలుగువి కూడా ఉన్నాయి. మా పిల్లల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

సిలబస్‌లో చిన్న మార్పు కూడా కావాలి. ఫస్టియర్‌లో రెండు ల్యాబ్ క్లాసులు ఎర్రర్ చదవడానికే కేటాయించండి. మొదటి ఎర్రర్‌ను ముందు చూడాలి, చివరిది కాదు. ఫైల్ పేరు ఎక్కడుంది, లైన్ నంబరు ఎక్కడుంది. ఇది నా ప్రోగ్రాం తప్పా, కంపైలర్ బాధా, లైసెన్స్ గొడవా? ఈ మూడింటినీ విడదీయడం వస్తే సగం టెన్షన్ పోతుంది. ఎర్రర్‌ను సరిగ్గా గుర్తించి రికార్డులో రాసినవాళ్లకు, అవుట్‌పుట్ రాకపోయినా కొన్ని మార్కులు ఇవ్వమనండి.

నా దగ్గర ఒక నోట్సు ఉంది. పన్నెండేళ్లలో మా ల్యాబ్‌లో వచ్చిన ఎర్రర్లు, వాటి అసలు కారణాలు, మేం చేసిన పని, అన్నీ తెలుగులో రాసుకున్నాను. మూడు లాంగ్ నోట్‌బుక్కులయ్యాయి. మీ శాఖ పుస్తకంగా వేస్తానంటే టైపు చేసి ఇస్తాను, డబ్బు అక్కర్లేదు. వచ్చే ప్రాక్టికల్స్ లోపు అది ప్రతి ల్యాబ్ టేబుల్ మీద ఒక కాపీ ఉంటే చాలు. మొదటి పేజీలో మైనస్ 88 ఉంటుంది.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఉద్యోగిని,
తిరుపతి