డ్రోన్ షాట్ల కుదుపు గురించి ఒక ఎడిటర్ మాట

సంపాదకులకు నమస్కారం.

డ్రోన్ కొనేవాళ్లకు సలహాలంటూ మీ టెక్నాలజీ పేజీలో వేసిన వ్యాసం చదివాను. సెన్సర్ సైజు, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఎంత దూరం వెళ్తుంది, అన్నీ రాశారు. గాల్లోకి లేచాక కెమెరాను ఎలా తిప్పాలో మాత్రం ఒక్క లైనూ లేదు. నేను డ్రోన్ ఎగరేసేవాణ్ణి కాదు. ఎగరేసినవాళ్లు తెచ్చిచ్చే ఫుటేజీ ఎడిట్ చేయడం నా పని. నేను పక్కన పడేసే షాట్లలో క్వాలిటీ బాగోలేనివి తక్కువ, కుదుపు ఉన్నవే ఎక్కువ.

‘గింబల్ ఉంది కదా, ఇంకా కుదుపేంటి?’ అని తెచ్చినవాళ్లు నన్నే అడుగుతారు. గింబల్ కెమెరాను మూడు అక్షాల్లో మోటార్లతో పట్టి ఉంచుతుంది. గాలికి డ్రోన్ ఊగితే కెమెరాను దానికి ఎదురు తిప్పి ఆ ఊపు తెలియకుండా చేస్తుంది. మన వేలు ఇచ్చిన కుదుపు సంగతి వేరు. గింబల్‌కు అది కూడా ఒక ఆర్డరే. రిమోట్ మీద కెమెరాను పైకీ కిందికీ తిప్పే చక్రం ఉంటుంది, దాన్ని ఠక్కున తిప్పితే కెమెరా కూడా ఠక్కున లేస్తుంది.

నేలను చూస్తూ మొదలై, మెల్లగా పైకి లేచి దిగంతం చూపించే షాట్ ఉంది కదా, దాదాపు అందరూ తీసేదే. టైమ్‌లైన్ మీద ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూస్తే వేలు ఏం చేసిందో మొత్తం తెలిసిపోతుంది. మొదట్లో ఒక ఎగురు. మధ్యలో వేగం తగ్గి మళ్లీ పెరుగుతుంది, అంటే వేలు సడలి మళ్లీ బిగిసిందన్నమాట. చివర్లో దిగంతం దాటేసి ఖాళీ ఆకాశంలోకి వెళ్లి, నాలుక కరుచుకున్నట్టు మళ్లీ కిందికి దిగుతుంది. ఆ దిగడంతో షాట్ పోయినట్టే.

దీనికి మందు చాలా డ్రోన్ల సెట్టింగ్స్‌లోనే ఉంది. గింబల్ వేగం ఒకటి, స్మూత్‌నెస్ ఇంకొకటి. వేగాన్ని బాగా తగ్గించి పెడితే చక్రాన్ని చివరిదాకా తిప్పి పట్టుకున్నా కెమెరా నిదానంగానే లేస్తుంది. సగం తిప్పి అక్కడే నిలపడం వేలికి కష్టం, చివరిదాకా నొక్కి పట్టుకోవడం తేలిక. మెలకువంతా ఇంతే. స్మూత్‌నెస్ పెంచితే కదలిక మెత్తగా మొదలై మెత్తగా ఆగుతుంది. కాకపోతే చక్రం వదిలాక కూడా కెమెరా కాస్త ముందుకు జారుతుంది, అందుకే అనుకున్న చోటుకి రాకముందే వదలాలి. ఎంత ముందు అనేది ఆ డ్రోన్‌తో నాలుగుసార్లు తిప్పి చూస్తేగానీ చేతికి అలవాటు కాదు. ఈ విలువలు చాలా డ్రోన్లలో ఒక్కో ఫ్లైట్ మోడ్‌కు (నిదానంగా, మామూలుగా, జోరుగా ఎగిరే పద్ధతులకు) విడివిడిగా ఉంటాయి. ఒక మోడ్‌లో మార్చి, ఇంకో మోడ్‌లో ఎగరేసి, ‘ఏం తేడా రాలేదు’ అనేవాళ్లూ ఉన్నారు!

పక్కకి తిప్పేటప్పుడు ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. అక్కడ తిరిగేది డ్రోన్ మొత్తం. రిమోట్ మీది స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు స్పందన మెత్తగా ఉండేలా ఎక్స్‌పో (స్టిక్ ఎంత కదిపితే డ్రోన్ ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) సెట్ చేసుకోవాలి. స్టిక్‌ను ఒక్క బొటనవేలితో తోయకుండా చూపుడువేలు కూడా కలిపి పట్టుకుంటే అదుపు బాగుంటుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో వేగంగా తిప్పితే చెట్లూ స్తంభాలూ గంతులు వేస్తున్నట్టు కనిపిస్తాయి. ఎండలో షటర్ వేగం సెకనులో 1/1000కి వెళ్లిందంటే మరీ ఘోరం. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెళ్లే వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) పెట్టి షటర్‌ను 1/50 దగ్గర ఉంచితే కాస్త బ్లర్ వచ్చి కంటికి హాయిగా ఉంటుంది.

ముందుకు ఎగురుతూ కెమెరా లేపాలంటే రెండూ ఒకేసారి మొదలుపెట్టకుండా, డ్రోన్ వేగం నిలకడగా వచ్చాక చక్రం ముట్టుకోవాలి. ఆపేటప్పుడు ముందు కెమెరా, తర్వాత డ్రోన్. సెట్టింగ్స్‌లో బ్రేకు మెత్తగా పెట్టుకున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, డ్రోన్ ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఎదురుగా చెట్టో గోడో ఉంటే ఈ స్మూత్ వ్యవహారాలేవీ వద్దు.

‘ఎడిటింగ్‌లో స్టెబిలైజ్ చేసేయండి’ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సాఫ్ట్‌వేర్ కుదుపు తగ్గించాలంటే ఫ్రేమ్ అంచులు కోసేస్తుంది. పైగా కుదుపు పడిన క్షణంలో బొమ్మ అలికినట్టయితే ఆ మసక అలాగే మిగులుతుంది. కదలని చిత్రంలో ఉన్నట్టుండి ఒక మసక ఫ్రేమ్ వస్తే అసలు కుదుపుకన్నా ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మీరు మళ్లీ డ్రోన్ల మీద పేజీ వేస్తే ఈ సెట్టింగ్స్‌కి కొంచెం చోటివ్వండి. దాంతోపాటు ఇంకో ముక్క కూడా వేస్తే నాలాంటి ఎడిటర్లందరి తరఫునా మీకు దణ్ణం పెడతాను: రికార్డ్ నొక్కాక ఐదు సెకన్లు దేన్నీ కదపకండి, షాట్ అయ్యాక ఇంకో ఐదు సెకన్లు ఆగి అప్పుడు ఆపండి. కెమెరా ఇంకా తిరుగుతుండగానే స్టాప్ నొక్కేస్తే మాకు కోయడానికి చోటుండదు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక వీడియో ఎడిటర్