గేర్ బాక్స్ దించే ముందు ఇకపై మేం ఏం చేస్తామంటే

అందరికీ నమస్కారం. షెడ్డులో ఈమధ్య నేను చేసిన ఒక పొరపాటు గురించి చెప్పాలి. దానివల్ల మా పద్ధతి కూడా మారింది. కొంచెం పెద్దగానే రాస్తున్నా.

ఒక ఆటోమేటిక్ కారు వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది కానీ బండి లాగడం లేదు, పొద్దున్నే రివర్స్ వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్క కుదుపుతో కదులుతుంది. గేర్ బాక్స్ ఆయిల్ తీసి చూస్తే నల్లగా, మాడు వాసన. ఆయిల్ మారిస్తే సర్దుకుంటుందని చెప్పేశాను. ఓనర్ నమ్మారు, మార్చాం, పది రోజుల్లో బండి మళ్లీ వచ్చింది, ఈసారి స్లిప్ (ఇంజిన్ తిరిగినా పట్టు జారి బండి లాగకపోవడం) ఇంకా ఎక్కువ. అప్పుడు విప్పి చూస్తే లోపలి క్లచ్ ప్లేట్ల మీద పొర అరిగిపోయింది, ఆయిల్‌ని నల్లగా చేసింది ఆ పొడే. అరిగిన ప్లేటుకి కొత్త ఆయిల్ పోస్తే పొర తిరిగి రాదు కదా. ఈ సంగతి నాకు తెలియక కాదు, తొందరపడ్డాను. ఆ ఆయిల్ డబ్బు, లేబర్ రెండూ వెనక్కి ఇచ్చేశాం.

దీనికి సరిగ్గా ఉల్టా ఇంకోటి. ఒక మాన్యువల్ బండికి క్లచ్ ప్లేట్ అయిపోయిందని మా కుర్రాడు గేర్ బాక్స్ దించడానికి సిద్ధమయ్యాడు. చూస్తే క్లచ్ కేబుల్ బాగా బిగిసిపోయి ఉంది, పెడల్‌లో అసలు ప్లే (తొక్కగానే మొదట ఉండే కొంచెం ఖాళీ కదలిక) లేదు, అంటే కాలు తీసినా క్లచ్ పూర్తిగా పట్టుకోవడం లేదు. అడ్జస్ట్ చేసి పంపించేశాం. పావుగంట పని.

అందుకే ఇకపై స్లిప్ అని వచ్చిన ఏ బండినైనా ఓనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూస్తాం, ఆయిల్ లెవల్, రంగు, వాసన చూపిస్తాం, ఆటోమేటిక్ అయితే స్కానర్ పెట్టి బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదువుతాం. గేర్ బాక్స్ దించే మాట ఆ తర్వాతే. సొలినాయిడ్ (ఆటోమేటిక్‌లో ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్), వైరింగ్ లాంటివి పాడైనా బండి ఒకే గేర్‌లో ఉండిపోతుంది, దానికి గేర్ బాక్స్ మొత్తం విప్పక్కర్లేదు.

మీరు కూడా ముందే పసిగట్టొచ్చు. మాన్యువల్ అయితే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి, ఆర్‌పీఎం ముల్లు ఎగిరి స్పీడు అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టే. పదే పదే చేయకండి, మిగిలిన ప్లేటు కూడా మాడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, నిండా మనుషులున్నప్పుడు ముందుగా బయటపడుతుంది. ఆటోమేటిక్‌లో డీ (ముందుకు) లేదా ఆర్ (రివర్స్) వేశాక ఆలస్యం, గేర్ మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారి ఖాళీగా అరిచినట్టు ఉండటం, పార్కింగ్‌లో కింద ఎర్రటి మరక, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. గేర్ బాక్స్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా కాలి తగ్గిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉంది. లీక్ దశలోనే వస్తే చాలాసార్లు ఒక సీల్‌తో పోతుంది, తక్కువ ఆయిల్‌తో అలాగే తిప్పితే ప్రెషర్ చాలక ప్లేట్లు జారి, జారిన వేడికే మాడిపోతాయి.

ఎక్కువగా పాడయ్యేది అలవాట్ల వల్లే, అనుభవంతో చెప్తున్నా. క్లచ్ పెడల్ మీద కాలు పెట్టుకునే నడపడం, ఎత్తులో హ్యాండ్ బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని ఆపి ఉంచడం (ఇది మా ఇంట్లో వాళ్లే చేస్తారు, నా మాట వినరు), బండి ఇంకా వెనక్కి కదులుతుండగానే డీ వేసేయడం. ఇక ఆయిల్. లైఫ్‌టైమ్ ఆయిల్ అని రాసి ఉందని ఎప్పటికీ మార్చకుండా ఉండకండి, ట్రాఫిక్‌లో, ఎండలో, బరువు లాగే బండికి అది ముందే చస్తుంది. బండితో ఇచ్చిన ఓనర్ బుక్‌లో కఠినమైన వాడకానికి వేరే గడువు ఉంటే అదే పాటించండి. సీవీటీకి (విడి గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) సీవీటీ ఆయిలే, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే లోపలి బెల్టు, పుల్లీలు దెబ్బతింటాయి. స్లిప్ ఆగుతుందని అమ్మే డబ్బాల మందులు మా దగ్గర వాడం, అడగొద్దు.

ఇప్పటికే జారుతున్న బండిని నడుపుకుంటూ తీసుకురాకండి. లాగించేటప్పుడు కూడా జాగ్రత్త, చాలా ఆటోమేటిక్‌లలో లోపలి పంప్ ఇంజిన్ తిరిగితేనే పనిచేస్తుంది, ఇంజిన్ ఆపేసి తాడు కట్టి లాగితే లోపల ఆయిల్ అందదు. నాలుగు చక్రాలూ పైకెక్కించే బండి పిలవండి. ఫోన్ చేసేటప్పుడు చల్లగా ఉన్నప్పుడు జారుతోందా, వేడెక్కాక జారుతోందా, ఏ గేర్‌లో, ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు, ఈ నాలుగు చెప్పండి చాలు. పది రోజులకే తిరిగొచ్చిన ఆ కారు గేర్ బాక్స్ ఇంకా టేబుల్ మీదే ఉంది, ప్లేట్లు రావాలి, వచ్చాక ఓనర్ ముందే బిగిస్తాం.